నాగశ్రీ ఆది జాకెట్టు

చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో, రెండు ఇళ్ళ మధ్య ఇరుక్కున్నట్టుండే పాత ఇంటి ముందుగది దమయంతి కుట్టుషాపు. షాపుకు బోర్డు ఉంది గానీ దాన్ని చూసి వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. అశోక్‌నగర్ నుంచి రాంనగర్ దాకా ఏ అపార్ట్‌మెంట్లోనైనా సరే, "చంక పట్టకుండా, మెడ జారకుండా జాకెట్టు ఎవరు కుడతారండీ?" అని అడిగితే దమయంతి పేరే చెప్పేవారు. చెప్పేవారు అన్నాను, గమనించండి. ఈ శ్రావణం నుంచి చెప్పడం మానేశారు. ఎందుకు మానేశారో చెబుదామనే కూర్చున్నాను. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుకొస్తుంది, మధ్యలో గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి.

దమయంతికి యాభై నాలుగేళ్ళు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చింది మొదలు కుడుతూనే ఉంది. పని నేర్పింది అడిక్‌మెట్‌లో ఉండే మేనత్త. మొగుడు కిషన్ రావు నారాయణగూడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ఆ ప్రెస్సు మూతబడ్డాక స్టేషనరీ షాపులో కూర్చుంటున్నాడు. నెమ్మదస్తుడు. కూతురు తన్మయిని చదివించినా, పెళ్ళి చేసినా, ఇంటి పైకప్పు మార్పించినా అంతా ఆ మిషన్ చక్రం తిరిగినందువల్లే.

ఆ గదిలో కిటికీ పక్కన మిషను, మూలన నీలం పరదా, పరదా పక్కన ఒక ఇనుప ట్రంకుపెట్టె ఉంటాయి. పెట్టె నిండా ఆది జాకెట్లే. ఒంటికి అచ్చంగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇస్తే, దాన్ని ముందు పెట్టుకుని కొత్తది కత్తిరిస్తారు కదా, అదే ఆది. మామూలుగా పని అయిపోగానే ఆది తిరిగి ఇచ్చేస్తారు. దమయంతి దగ్గర మాత్రం ఆడవాళ్ళు దాన్ని వదిలేసి వెళ్ళేవారు. ‘నీ దగ్గరే ఉండనీ, ఇంకెక్కడ కుట్టిస్తాం’ అని దాని అర్థం. ఒక్కోదానికి ఒక గుడ్డముక్క కుట్టి, దాని మీద బాల్‌పెన్నుతో పేరూ, తేదీ రాసి పెట్టేది. తొంభై దాకా ఉండేవి. ఎవరైనా వచ్చి "నా ఆది ఇచ్చెయ్యి" అన్నారంటే ఇక ఆ మనిషితో సంబంధం తెగిపోయినట్టే.

పరదా లోపల దమయంతి చూసినవి అన్నీ ఇన్నీ కావు. ఎవరికి ఆపరేషన్ అయి రొమ్ము తీసేశారో ఆమెకు తెలుసు. ఎవరి వీపు మీద బెల్టు వాతలున్నాయో తెలుసు. ఎవరికి బొల్లి మచ్చలు భుజం దాకా పాకాయో, చేతులు మోచేతి దాకా ఎందుకు పొడుగు పెట్టమన్నారో, అన్నీ తెలుసు. కిషన్ రావుకు కూడా ఒక్కటీ చెప్పలేదు. "మనిషి బట్ట విప్పి నిలబడ్డదంటే నమ్మి నిలబడ్డట్టు. అది నోట్లకెళ్లి బయటికి రావద్దు" అనేది.

దమయంతి మెడ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తన్మయి కడుపులో ఉన్నప్పుడు మెడకు కుడివైపున మిరియపు గింజంత పులిపిరి ఒకటి లేచింది. తరవాత దానికి తోడు ఇంకోటి. ఒళ్ళు వచ్చేకొద్దీ మెడ చుట్టూ, చంకల్లో, సన్నటి తొడిమకు వేలాడుతూ మెత్తగా ఇరవై, ముప్పై. నొప్పి లేదు. ఎండాకాలం చెమట పడితే దురద. పుస్తెలతాడు వాటికి తగులుకుని లాగితే మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఎవరో చెప్పారని ఒకసారి మిషన్ దారంతోనే పెద్దదాన్ని బిగించి కట్టింది. రెండో రోజుకు నల్లబడింది, నాలుగో రోజుకు చీము పట్టింది. మెడ తిప్పలేక వారం రోజులు షాపు మూసి యాంటీబయాటిక్ బిళ్ళలు మింగింది. ఇక వాటి జోలికి పోలేదు. పొద్దస్తమానం మెడలో టేపు వేలాడుతుంది కాబట్టి దాని రాపిడికే వచ్చాయని ఆమె అనుకునేది. వచ్చినవాళ్ళతో నవ్వుతూ అనేది కూడా, "ఈ టేపే నా నగ, ఈ టేపే నా రోగం" అని. ఎవరినీ నొప్పించని మాట, సరదాకి అన్న మాట. చివరికి అదే ఆమె కొంప ముంచింది.

ఇక నాగశ్రీ. వాళ్ళది రాజమండ్రి వైపు. మామగారు ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు సెక్రటేరియట్ ఉద్యోగంతో వచ్చి అశోక్‌నగర్‌లో ఇల్లు కట్టారు. ఆ ఇల్లే ఇప్పుడు నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు వీళ్ళది. భర్త శ్రీరామమూర్తి ఆడిటరు. కొడుకు, కోడలు వందన, వాళ్ళూ అక్కడే. నాగశ్రీ ఇంట్లో పేరంటం అంటే వీధంతా వస్తుంది. పచ్చగా, నిండుగా, నలుగురిలో మాట చెల్లే మనిషి.

ఇరవై రెండేళ్ళ కిందట తమ్ముడి పెళ్ళికి పట్టు జాకెట్టు ఎవరో దర్జీ పాడుచేస్తే, ఏడుపు మొహంతో దమయంతి గుమ్మం ఎక్కింది నాగశ్రీ. దమయంతి అన్నం కూడా తినకుండా కూర్చుని, కుట్లు విప్పి, లోపలి మడతలోంచి గుడ్డ తీసి అతికి, రెండు గంటల్లో చేతికిచ్చింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ కుదిరిపోయింది. తన్మయికి కామెర్లయితే పది రోజులు చప్పిడి క్యారేజీ మోసుకొచ్చింది నాగశ్రీయే. నాగశ్రీ తల్లి పోయినప్పుడు, వచ్చిన బంధువులందరికంటే ముందు ఆమె పక్కన కూర్చుంది దమయంతి. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, పరాయివాళ్ళు చేసిన పని అయితే దమయంతి రెండు తిట్లు తిట్టి ఊరుకునేది.

పదమూడేళ్ళ కిందట, ఆగస్టులో ఒక మధ్యాహ్నం నాగశ్రీ వచ్చి పరదా లోపలికి వెళ్ళి, తానే పరదా లాగేసుకుంది.

"దమయంతీ, ఇలా రా. తలుపు గడియ పెట్టి రా."

మెడ వెనక నల్లపూసలు ఆనే చోట రెండు, చంకల్లో అయిదారు. ఒకటి చిట్లి రక్తం కారి జాకెట్టుకు అంటుకుపోయింది. మెడ చుట్టూ సన్నగా నల్లచార కూడా కనబడుతోంది.

"గింతే కదా అక్కా, నాకు సూడు, తోరణం కట్టినట్టున్నయి" అని దమయంతి నవ్వబోయింది. నాగశ్రీ నవ్వలేదు.

"నీకేం, నువ్వు ఎక్కడైనా నవ్వేస్తావు. నలుగురూ నా కాళ్ళకి పసుపు రాస్తారు, మెడకి గంధం రాస్తారు. చూస్తే ఏమనుకుంటారు? ఆయనకి కూడా చూపించలేదు. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి. తన్మయి మీద ఒట్టెయ్యి."

బిడ్డ మీద ఒట్టా అని దమయంతికి మనసులో గుచ్చుకుంది. అయినా వేసింది. ఆ సాయంత్రమే కిషన్ రావు పాత మల్లుపంచె చింపి, నాగశ్రీ జాకెట్టు మెడకు లోపలివైపు మెత్తటి పట్టీ వేసింది. కుట్టు చర్మానికి తగలకుండా బయటివైపు తిప్పి, దాని మీద పైపింగ్ కప్పింది. చంకల్లో చీలికలాగా చిన్న గుడ్డముక్క కలిపి వదులు చేసింది. బయటి నుంచి ఎవరు చూసినా మామూలు జాకెట్టే. నాగశ్రీ తొడుక్కుని, చేతులు పైకెత్తి, దించి, "నా తల్లివే" అని దమయంతి చేతులు పట్టుకుంది. ఆ జాకెట్టే ఆదిగా పెట్టెలోకి వెళ్ళింది, గుడ్డముక్క మీద పేరుతో, తేదీతో. తరవాత నాగశ్రీకి ఒళ్ళు పెరిగి వేరే ఆదులు వచ్చాయి గానీ, ఆ పట్టీ నమూనా కోసం దమయంతి దాన్ని మాత్రం తీసెయ్యలేదు.

ఇప్పుడు ఈ సంవత్సరం శ్రావణానికి రండి. వరలక్ష్మీ వ్రతం ముందు వారం అంటే దమయంతికి తినడానికి కూడా తీరిక ఉండదు. హుక్కులు, కాజాలు, చేతికుట్టు పనికి రాంనగర్ నుంచి మాసమ్మ వస్తుంది. పొద్దున్నే అశోక్‌నగర్‌లో రెండిళ్ళలో గిన్నెలు తోమి, పదింటికి ఇక్కడికొచ్చి కూర్చుంటుంది. అలాంటి వారంలో మంగళవారం నాడు ఇద్దరు వచ్చి, కుట్టకుండానే గుడ్డలు తీసుకుపోయారు. "ఊరెళ్తున్నాం" అంది ఒకావిడ. "ఈసారి రెడీమేడ్ తీసుకున్నామండీ" అంది ఇంకొకావిడ. బుధవారం నాగశ్రీ కోడలు వందన ఫోన్ చేసి, "ఆంటీ, నా ఆది వాచ్‌మన్‌తో పంపించరా" అంది. గురువారానికి ఏడు ఆదులు పోయాయి. పెట్టెలో ఒక పక్క ఖాళీ అయింది.

దమయంతికి ఏమీ అర్థం కాలేదు. కొలతలు తప్పానా, ఎవరి గుడ్డయినా మార్చి ఇచ్చానా అని తల బద్దలు కొట్టుకుంది. నాగశ్రీకి రెండుసార్లు ఫోన్ చేసింది, మనసులో మాట చెప్పుకోవడానికి. ఎత్తలేదు. పేరంటాల పనుల్లో ఉందేమో పాపం అనుకుంది. పాపం అట!

శుక్రవారం పొద్దున ఒకావిడ వచ్చింది. పదిహేనేళ్ళుగా వస్తున్న మనిషే. సంచిలోంచి పాలిథిన్ కవర్ తీసి, అందులోంచి కొత్త టేపు బయటికి తీసింది.

"దీంతో కొలవండి దమయంతి గారూ. ఏమీ అనుకోకండి, కరోనా తరవాత అలవాటైపోయింది."

దమయంతి ఆ టేపుతోనే కొలిచింది. కొలుస్తున్నంతసేపూ ఆవిడ మెడ వెనక్కి వంచి, దమయంతి మెడ తనకు తగలకుండా చూసుకుంటోంది. పని కాగానే టేపును మళ్ళీ కవర్లో పెట్టి, ముడి వేసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ మెట్లు దిగాక మాసమ్మ చేతిలో సూది కింద పెట్టింది.

"అక్కా, నీకు జెప్పొద్దనుకున్న. ఇగ నాతోని గాదు. ఆళ్లందరు ఎందుకు పోతున్రో నాకెర్కే."

"ఏందే?"

"పోయిన శుక్కురారం నాగశ్రీ అమ్మగారింట్ల పేరంటం. నేను ఆడనే వంటింట్ల గిన్నెలు తోముతున్న. అమ్మగారు వంగి ఎవలకో కాళ్లకు పసుపు రాస్తుంటే గొలుసు మెడకు తట్టుకున్నది. దిగ్గున లేశేసరికి పులిపిరి పటుక్కున తెగి, నెత్తురు జాకిట్ మీద కారింది. అందరు సూసిన్రు. కోడలమ్మ, ‘అయ్యో అత్తయ్యా, ఏంటివి మెడ నిండా?’ అన్నది."

"అంటే?"

మాసమ్మ తల వంచుకుంది. "‘నాకెక్కడివే ఇవి, ఆ దమయంతి టేపు తెచ్చిపెట్టింది. ఆవిడ మెడ చూశారుగా. అందరికీ అదే టేపు పెడుతుంది’ అన్నది. అండ్ల ఒగామె, ‘అవును, టేపే నా రోగం అని ఆమెనే అంటదిగా’ అన్నది. ఇగ ఆడికెళ్లి ఫోన్లల్ల వోయింది."

"నాగశ్రీ అక్కనే అన్నదా? నువ్వు సరిగ్గ ఇన్నవా?"

"నా శెవులార ఇన్న."

దమయంతి మిషన్ మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయింది. పదమూడేళ్ళ కిందటి మధ్యాహ్నం, గడియ పెట్టిన తలుపు, తన్మయి మీద వేసిన ఒట్టు ఒక్కొక్కటీ కళ్ళ ముందుకొచ్చాయి. ముందు నమ్మలేదు. తరవాత "ఎంత మాటన్నది మాసమ్మా! ఎంత మాటన్నది! నా చేతి కూడు తిన్నది, నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది!" అని పైకే అరిచింది. పక్కింటివాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు.

అయినా నాగశ్రీ కావాలని అని ఉండదని ఒక ఆశ. నిజంగానే ఇవి అంటుకుంటాయేమో, తెలియక తానే అందరికీ అంటించిందేమో అని ఒక భయం కూడా పట్టుకుంది. సోమవారం నారాయణగూడలో శ్రీదివ్య అనే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ చిన్నపిల్ల, తన్మయి కంటే రెండేళ్ళు పెద్దదై ఉంటుంది. మెడ మీద లైటు వేసి, అద్దం పెట్టి నిదానంగా చూసింది.

"ఇవి అంటుకుంటయా అమ్మా? నా టేపుతోని ఇంకొకరికి వస్తయా?"

"రావండీ. అంటుకునే పులిపిర్లు వేరే రకం. గరుకుగా, చేతుల మీదా కాళ్ళ మీదా ఎక్కువ వస్తాయి. అవి వైరస్ వల్ల. ఇవి చర్మం చర్మంతో రాసుకునే చోట వచ్చేవి. ఒళ్ళు పెరిగితే వస్తాయి, గర్భంతో ఉన్నప్పుడు వస్తాయి, ఇంట్లో పెద్దవాళ్ళకుంటే వస్తాయి. నగ రాపిడి కూడా కొంత. వీటివల్ల ప్రాణభయం ఏమీ లేదు. ఇబ్బంది పెడుతుంటే పది నిమిషాల్లో తీసేస్తాం. దారాలు మాత్రం కట్టకండి." డాక్టరమ్మ వేలితో మెడ మీద ఉన్న నల్లచారను రుద్ది చూసింది. "ఇది మురికి కాదు. మెడ ఇలా నల్లబడి, ఇన్ని వచ్చాయంటే ముందు షుగర్ చూడాలి. ఎప్పుడైనా చూపించుకున్నారా?"

చూపించుకోలేదు. మర్నాడు పరగడుపున రక్తం ఇచ్చింది. షుగర్ ఉంది, ఎప్పటినుంచో ఉండి ఉంటుందన్నారు. మందు బిళ్ళలు, పొద్దున నడక రాశారు. దమయంతికి ఆ సంగతి కూడా తలకెక్కలేదు. "ఇవి అంటువ్యాధి కాదని ఒక కాగితం మీద రాసియ్యమ్మా" అని అడిగింది. డాక్టరమ్మ వింతగా చూసి, రాసి, సంతకం పెట్టింది. ఆ కాగితానికి లామినేషన్ చేయించి, షాపులో గోడకు మేకు కొట్టి తగిలించింది. వచ్చిన ఒకరిద్దరు చదివారు. చదివి, "డాక్టర్లదేముందండీ, అడిగితే రాసిస్తారు" అని వెళ్ళారు.

కిషన్ రావు ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడని మనిషి. ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర కంచం నెట్టేశాడు. దమయంతి ఒట్టును అప్పటికీ దాటలేదు. మాసమ్మ నోట విన్నది మాత్రమే ఆయనకు చెప్పింది. ఆయన మాత్రం తన పాత మల్లుపంచె ఏ జాకెట్టు మెడలోకి పోయిందో ఎప్పుడో కనిపెట్టి ఊరుకున్నాడు.

"ఆ పాత జాకిట్ తియ్యి పెట్టెల నుంచి. మీద తేదీ ఉన్నది, పేరు ఉన్నది, లోపట పట్టీ ఉన్నది. పదమూడేండ్ల కిందనే ఆమెకు ఉన్నయని దాన్ని జూస్తే గుడ్డోనికి గూడ తెలుస్తది. ఫోటో తీసి నీ గ్రూపుల పెట్టు. ఎవరి టేపు ఎవరికి అంటించిందో తేలిపోతది."

దమయంతి తీసింది. జాకెట్టును తిరగేసి, పట్టీ కనబడేలా, గుడ్డముక్క మీద నాగశ్రీ పేరు కనబడేలా మిషన్ బల్ల మీద పరిచి ఫోటో తీసింది. కస్టమర్లందరూ ఉండే వాట్సాప్ గ్రూపు తెరిచింది. నూట ముప్పై మంది. కింద ‘మీరే చూడండి’ అని టైపు చేసింది. ఆ పచ్చ బాణం నొక్కితే చాలు, ఆమె పేరు ఆమెకు తిరిగొచ్చేది. రేపటి నుంచి గుమ్మం ముందు చెప్పులు నిండేవి.

బొటనవేలు అలాగే ఆగింది. పక్కన పెట్టె మూత తెరిచే ఉంది. అందులో రొమ్ము తీసేసిన ఆవిడ ఆది ఉంది. బెల్టు వాతల మనిషిది ఉంది. ఈ ఫోటో చూడగానే వాళ్ళందరి గుండెల్లో రాయి పడదా? ‘రేపు నాది కూడా ఇట్లనే పెడతది’ అనుకోరా? నాగశ్రీ మీద కక్షతో వీళ్ళందరినీ బజారున పెట్టినట్టవుతుంది. ఫోటో తుడిచేసింది. కిషన్ రావు "నీ ఖర్మ" అని చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పదకొండింటికి ఆ జాకెట్టు మడిచి సంచిలో పెట్టుకుని, గానసభ పక్క నుంచి అశోక్‌నగర్‌కు నడిచింది. ఒక పెద్ద గొడవ పడాలనే వెళ్ళింది. దారి పొడుగునా ఏమేం అనాలో అనుకుంటూనే వెళ్ళింది. తలుపు వందన తీసింది. దమయంతిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

నాగశ్రీ హాల్లో కూర్చుని పూలు కడుతోంది. మెడకు బ్యాండేజీ పట్టీ. దమయంతి చేతిలో సంచీ చూడగానే లేచి, "రా, లోపలికి రా" అంటూ పడగ్గదిలోకి తీసుకుపోయి తలుపు వేసేసింది.

"ఏందక్కా ఇది? గిట్ల జేస్తివేంది?" అంది దమయంతి.

నాగశ్రీ మంచం మీద కూర్చుంది. "నోరు జారింది దమయంతీ. అందరూ నా మెడ వంకే చూస్తున్నారు. రక్తం కారుతోంది. ఏదో ఒకటి చెప్పాలి కదా! ఏదో ఆ క్షణానికి అనేశాను. ఇంత దూరం పోతుందని నాకు తెలుసా?"

"తెలిసినంక చెప్పచ్చు కదా, కాదని. ఫోన్ గూడ ఎత్తకపోతివి."

"ఎలా చెప్పమంటావు? ఇప్పుడు చెబితే నన్నేమంటారు? నువ్వైతే ఏమీ అనుకోవు, నన్ను అర్థం చేసుకుంటావు అనుకున్నాను. నాలుగు రోజులైతే వాళ్ళే మర్చిపోతారు. నేనే ఒక్కొక్కళ్ళనీ మళ్ళీ నీ దగ్గరికి పంపిస్తాను, సరేనా?"

దమయంతి సంచిలోంచి జాకెట్టు తీసి మంచం మీద పెట్టింది. నాగశ్రీ దాన్ని గుర్తుపట్టింది. గబుక్కున అందుకుని, బీరువా తలుపు తీసి, చీరల వెనక్కి తోసేసింది. అప్పుడు దమయంతి దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇది ఎవరికైనా చూపించావా? వందనకి చెప్పలేదు కదా?"

అప్పటిదాకా దమయంతి మనసులో ఏదో మూల, ‘క్షమించవే’ అంటుందని, ఏడుస్తుందని, తానూ ఏడ్చి ఊరుకుంటుందని ఉండింది. ఆ ఒక్క ప్రశ్నతో అది కాస్తా పోయింది.

"పదమూడేండ్లు చెప్పలేదక్కా. నా మొగనికే చెప్పలేదు. నువ్వు పదమూడు నిమిషాలు ఆగలేకపోతివి." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇగ నీకు నేను కుట్ట. కానీ ఒక్కటి జెప్పిపోతా. నాకు షుగర్ వచ్చింది. గీ పులిపిర్లు, గీ మెడ నలుపు, అన్నీ దానివే అన్నది డాక్టరమ్మ. నీకూ గట్లనే ఉన్నయి. పోయి రక్తం చూపించుకో."

"నాకు షుగరేంటి? మా ఇంటావంటా లేదు" అంది నాగశ్రీ, అక్కడికి అదే పెద్ద అవమానమైనట్టు.

దమయంతి తలుపు తీసుకుని బయటికి వచ్చింది. చెప్పులు వేసుకుంటుంటే వందన గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆ పిల్లకు లోపలి మాటలు వినబడలేదు గానీ ఏదో అయిందని తెలుస్తూనే ఉంది.

"ఆంటీ, ఒక మాట అడగనా? నిజంగా మీ టేపు వల్లేనా అవి? మా అత్తయ్యకి అంతకుముందు లేవా?"

దమయంతి వెనక్కి తిరిగింది. నాగశ్రీ పడగ్గది గుమ్మంలో నిలబడి ఉంది, రెండు చేతులతో తలుపు పట్టుకుని. జాకెట్టు ఆమె బీరువాలో ఉంది. ఒట్టు దమయంతి మీద ఉంది. ఇప్పుడు ‘కాదు’ అని అనగలిగిన మనిషి నాగశ్రీ ఒక్కతే. ఇంట్లో పరాయివాళ్ళు ఎవరూ లేరు. ఉన్నది ఒక్క కోడలు. అడిగింది ఒక్క ప్రశ్న. దమయంతి ఆమె మొహంలోకే చూస్తూ నిలబడింది, అను, ఇప్పుడైనా అను అన్నట్టు.

నాగశ్రీ కొంగు మెడ మీదికి లాక్కుంది.

"వందనా, ఆంటీకి మంచినీళ్ళు ఇచ్చావా?" అంది.

దమయంతి రెండో చెప్పు కూడా వేసుకుంది. "వద్దు బిడ్డా. నా టేపు సంగతి మీ అత్తమ్మనే అడుగు. రేపు పొద్దున ఏమీ తినకముందు ఆమెను తీసుకపోయి షుగర్ మాత్రం చూపించు. వినదు, అయినా తీసుకపో" అని మెట్లు దిగింది.

రెండో అంతస్తు మలుపులో ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకు తెలుసు. ‘దమయంతీ’ అని ఒక్క పిలుపు కోసం. పై నుంచి తలుపు మూసిన చప్పుడు, గడియ పెట్టిన చప్పుడు వినబడ్డాయి. కళ్ళు తుడుచుకుని కిందికి దిగింది.

షాపు దగ్గర మాసమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. కాజాలు కుట్టడానికి జాకెట్లు లేవు, అయినా ఇంటికి పోలేదు.

"ఆమె ఆది ఇచ్చొచ్చినవా అక్కా?"

"ఇచ్చిన."

"మరి ఏమన్నది?"

దమయంతి మెడలోంచి టేపు తీసి మేకుకు తగిలించింది, ఆ లామినేషన్ కాగితం పక్కనే.

"మంచినీళ్ళు తాగి పొమ్మన్నది" అంది.